నాన్న ఆకుపచ్చ సబ్బు, నా గులాబీ సబ్బు

మా చిన్నప్పుడు ఓడరేవు పక్కన ఖిదిర్‌పూర్ క్వార్టర్సులో మా ఇంటి అలమారా మీద ఆకుపచ్చ సబ్బులు ఎండుతూ ఉండేవి... ఇటుకల్లా. రంగు కాగితం లేదు, సువాసన లేదు, నురగ కూడా అంతంతమాత్రమే. వాటిని చూస్తేనే నాకు ఒళ్ళు మండేది.

నాన్నది డాక్‌లో సోడా బస్తాలు దించే పని. ఒక ఓడలో వంటవాడికి మా అమ్మ చేసిన చేపల పులుసు తెగ నచ్చేసిందట... వెళ్ళేటప్పుడు వాళ్ళ దేశపు ఆలివ్ నూనె సబ్బులు అరడజను నాన్న చేతిలో పెట్టాడు.

ఇక చూడాలి మా అమ్మ పెత్తనం! కొత్త ముక్క నాన్నకే. ఆయన చేతిలో సగం అరిగాకే మా తలలకీ, ఒంటికీ. ఇంకా అరిగితే చొక్కా కాలర్లకీ, ఉన్ని స్వెటర్లకీ. చిల్లపెంకంత అయ్యాక కూడా వదిలేది కాదు... బిగుసుకున్న తలుపుకి రాసేది, నా స్కూలు బ్యాగు జిప్పుకి రాసేది, నీళ్ళలో కరిగించి మిరపమొక్క పురుగులకి చల్లేది. పక్కింటి పిన్ని వేలికి ఉంగరం ఇరుక్కుంటే దానికీ అదే! ఇలా అయితే ఆ సబ్బులు ఎప్పటికి అయిపోను?

నాకేమో గులాబీ రంగు సబ్బు కావాలి. మా క్లాసులో మితాలి పక్కన కూర్చుంటే ఎంత మంచి వాసనో... పైగా ఆ ఏడు సరస్వతీ పూజకి మొదటిసారి చీర కట్టుకుని బడికి వెళ్ళబోతున్నాను. ఆ రోజు కూడా మిరపమొక్కకి కొట్టే సబ్బుతోనే స్నానమా?

అడిగితే అమ్మది ఒకటే మాట. "ఏటే నీ గోల? ఉన్నది అయిపోనీ, అప్పుడు సూద్దాం."

అయిపోనీ అంది కదా... అయిపోయేలా చేశాను. అమ్మ బజారుకి వెళ్ళగానే మిగిలిన రెండు సబ్బుల్నీ కొబ్బరి కోరాంతో కోరేసి, బకెట్టు నీళ్ళలో కలిపి కాలవలో పారబోశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. కోరాం మాత్రం సరిగ్గా కడగలేదు.

మర్నాడు అట్లలోకి కొబ్బరి చట్నీ... నాన్న ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. అమ్మ చట్నీ రుచి చూసింది, కోరాం వాసన చూసింది, అలమారా మీదకి చూసింది, ఆఖరికి నన్ను చూసింది.

"ఓసి గుంటా! అది మీ నాన సేతుల కోసం దాసిన సబ్బే!" అని వీపు మీద ఒక్కటిచ్చింది.

"పోనీయే, సిన్నపిల్ల" అన్నాడు నాన్న. ఆ సాయంత్రం ఆయనే గులాబీ సబ్బు తెచ్చాడు. పూజ రోజు మితాలి నా చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని "కీ షుందొర్ గొంధో!" అని బెంగాలీలో ఆ వాసనని మెచ్చుకుంది. నేను గాల్లో తేలిపోయాను.

ఆ ఓడ మళ్ళీ రాలేదు. మిగిలిన చలికాలమంతా నాన్న అన్నం చెంచాతో తిన్నాడు.

నాకు నవ్వొచ్చింది. "ఏటి నానా, ఆఫీసరు బాబులాగ చెంచాతో తింటున్నావు?" అన్నాను.

"మరేటనుకున్నావు? నా కూతురు గులాబీ సబ్బు రాసుకుంతంటే నాను సెయ్యితో తింతానేటి?" అన్నాడు.

సోడాకి పగిలిన వేళ్ళకి మామూలు సబ్బు తగిలితే మంట... చారులో కారం తగిలితే అంతకన్నా మంట. ఈ సంగతి నా పెళ్ళయిన చాలా ఏళ్ళకి అమ్మ చెబితే గానీ నా బుర్రకి ఎక్కలేదు. అప్పటికి నాన్న లేడు.

ఇప్పుడిదంతా ఎందుకంటే... మొన్న మా అమ్మాయి ఆన్‌లైన్‌లో ఒక సబ్బు తెప్పించింది. సహజమైన ఆలివ్ నూనె సబ్బట! గోనెగుడ్డ సంచీ, దానికో రిబ్బను, లోపల 'ఇంట్లో వంద ఉపయోగాలు' అని ఒక చిన్న పుస్తకం.

"మా, నీకు తెలుసా? దీన్ని జిప్‌కి కూడా రాయొచ్చట! మొక్కలకి కూడా స్ప్రే చెయ్యొచ్చట!" అని నాకే పాఠం చెబుతోంది. తెలుసే తల్లీ... నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది! పోనీ రాస్తుందా అంటే అదీ లేదు. జిప్పు పాడైతే కొత్త బ్యాగు కొంటుంది.

సబ్బు తీసి అలమారా మీద పెట్టాను. "మా! నా సబ్బు పైనెందుకు పెట్టావ్?" అని ఒకటే అరుపు. "ఎండితే తొందరగా అరగదే" అన్నాను. విసుక్కుంటూ దించేసుకుంది.

అది కాలేజీకి వెళ్ళాక ఆ పుస్తకం తెరిచాను. వందలో ఎక్కడో ఒకచోట పగిలిన చేతుల గురించి ఉంటుందేమోనని... వెతకనే అక్కర్లేదు. మొదటి వరుసలోనే ఉంది.

ఇప్పుడు బట్టలకొకటి, గిన్నెలకొకటి, నేలకొకటి... ఇంటి నిండా సీసాలే. మీ ఇళ్ళలో కూడా అన్నిటికీ ఒకటే సబ్బు ఉండేదా? అది ఎప్పుడు అయిపోతుందా అని నాలాగా తొందరపడినవాళ్ళు ఎవరైనా ఉంటే కింద రాయండి... నన్ను నేను ఒక్కదాన్నే తిట్టుకోలేక చస్తున్నాను.