రుజువమ్మా, నా కాలేయ కణాలూ

మా పరిశోధనశాలలో కణాలు పెంచే గదికి పెద్దదిక్కయిన ఆవిడ, రుజువు లేనిదే దేన్నీ నమ్మేది కాదు. "గుడ్ మార్నింగ్ మేడమ్" అంటే గోడ గడియారం చూసి, ఇంకా పొద్దునే అని తేల్చుకున్నాక గానీ బదులిచ్చేది కాదు. చాటున మేం పెట్టుకున్న పేరు రుజువమ్మ.

సీలు తియ్యని సీసా ఇచ్చినా అటూ ఇటూ తిప్పి చూసేది.

"ఉప్పే మేడమ్. పైన రాసుందిగా!"

"రాసింది సీసా మీదమ్మా. లోపలున్నదాని మీద కాదు."

ఓసారి వాళ్ళాయన ఫోను చేశాడు. చేతులకు తొడుగులుండటంతో ఆవిడ స్పీకరు పెట్టింది.

"నేనేనోయ్."

"అందరూ అదే అంటారు. మన మంచానికి ఏ కాలు కుంటిది?"

"తలవైపు, ఎడమది."

"సరే, ఇప్పుడు చెప్పండి."

ఆయన గొంతులో విసుగన్నది లేదు. ఎన్నేళ్ళ సాధనో!

పరిశోధకులు సత్యాన్వేషులని సభల్లో చెబుతారు. నేనెరిగినంతలో మేం అన్వేషించేది గడువు పొడిగింపుని. నా గడువుకి ఇక ఇరవై రెండు రోజులే ఉన్నాయి. కాలేయ కణాల్లో ఒక ప్రోటీన్ ఏం చేస్తుందో మూడేళ్ళు చూసి, మూడు ప్రయోగాలతో సిద్ధాంత గ్రంథం రాసి పెట్టుకున్నాను. అది ఇచ్చేస్తే డాక్టరేటు. డాక్టరేటు వస్తే ఓ కాలేజీలో ఉద్యోగం. రాకపోతే అదీ లేదు.

ఆ రోజు రుజువమ్మ ఓ కాగితం పట్టుకుని వచ్చింది.

"నీ కణాల జన్యువులు పరీక్ష చేయించానమ్మా. అవి కాలేయానివి కావు."

"మరి?"

"కిడ్నీవి."

మూడేళ్ళు గోరుముద్దలు తినిపించి పెంచాక, వీడు మీవాడు కాదు, పక్కింటివాడని చెప్పినట్టయింది. గ్రంథం శీర్షికలోనే కాలేయం ఉంది!

"ఎలా మేడమ్?"

"నువ్వు రాకముందెవరో రెండు రకాల కణాలకీ ద్రవం పీల్చే గొట్టం ఒకటే వాడుంటారు. ఒక్క కిడ్నీ కణం పడ్డా చాలు. చురుకైనవి పెరిగాయి, నెమ్మదివి పోయాయి. ఇది మాత్రం అనుమానమే, రుజువు లేదు."

నేను నేల మీద కూలబడ్డాను.

"లే. నేల తుడిచారనడానికీ రుజువు లేదు."

రెక్క పట్టుకు లేపి, కణాలు పెరిగే వెచ్చటి పెట్టె దగ్గరికి లాక్కెళ్ళింది. అడుగు అరలో పన్నెండు డబ్బీలు. అన్నిటి మీదా నా పేరు!

"ఇవి అసలైన కాలేయ కణాలు. వేరే సంస్థ నుంచి తెప్పించి, రెండుసార్లు పరీక్ష చేయించా. నీ ప్రయోగాలు మూడూ వీటి మీద చేసి చూశా. రెండు నిలిచాయి."

"మూడోది?"

"కొట్టెయ్. అబద్ధం పోతే పుస్తకం తేలికవుతుంది. అయినా నా మాట నమ్మకు. ఇరవై రెండు రోజులున్నాయిగా, నువ్వే చేసి చూడు. పక్కనే ఉంటా."

"ఎప్పట్నుంచి పెంచుతున్నారివి?"

"నాలుగు నెలలు. నీ కణాలు తెల్లారేసరికి రెట్టింపవుతున్నాయి. కాలేయానికి అంత తొందరుండదే అనిపించింది."

"అప్పుడే నాకు చెప్పొచ్చుగా!"

"ఏం చెప్పను? మొదటి జన్యు పరీక్ష ఫలితం నేనే నమ్మలేదు. రెండోదీ నమ్మలేదు. మూడోది ఇవాళొచ్చింది."

అసలు షాకు నాకప్పుడు తగిలింది. కట్టుకున్న మొగుణ్ణి ఫోన్లో నమ్మని మనిషి, ఉత్త అనుమానం మీద, ఆదివారాలు కూడా వచ్చి, నాలుగు నెలలు నా పని చేసింది!

ఇరవయ్యో రోజుకి రెండు ఫలితాలూ నా చేతుల్లోనూ నిలిచాయి. మూడో అధ్యాయం చెత్తబుట్టకెళ్ళింది. కృతజ్ఞతల పేజీలో ఆవిడ దయ గురించి అరపేజీ రాసి చూపించాను. ఎర్రకలంతో అడ్డంగా కొట్టేసింది.

"ఇది అచ్చయితే రేపు ఈ గదిలో నాకు భయపడేదెవరు?"

కాగితం వెనక్కి తీసుకుని చూద్దును కదా, కొట్టేసిన వాక్యాల పక్కన సన్నటి అక్షరాలతో ఉంది: "సరిచూశాను. వాస్తవ దోషాలేమీ లేవు." కింద సంతకం, తేదీ.