కోడి కదిలితేనే కంటైనర్ కదిలేది

ఆ రోజుల్లో ఖాళీ ఇనుప పెట్టెకు కూడా కిరాయి ఉంటుందని పెద్దపల్లి దగ్గర రైస్ మిల్లులో గుమాస్తాగా చేరాకే నాకు తెలిసింది. విదేశం నుంచి మిల్లుకు కొత్త మిషన్ ఒకటి కంటైనర్‌లో వచ్చింది. మిషన్ దించుకొని ఖాళీ కంటైనర్‌ను గడువులోగా హైదరాబాద్‌కు పంపాలి; దాటితే రోజుకింత అని షిప్పింగ్ కంపెనీకి కట్టాలి. ఆ బాధ్యత నాది. "ఒక్క దినం లేటయినా నీ జీతంలకెల్లి కోస్త," అన్నాడు సేటు (మనిషి మంచివాడే, పైసల దగ్గర తప్ప).

గడువు ఆఖరి రోజు పొద్దున్నే లారీ, క్రేన్ తెప్పించి, లెక్క తప్పని మనిషినని మురిసిపోతూ వెళ్లి చూద్దును కదా, కంటైనర్ తలుపు దగ్గర సేటును కన్న అవ్వ కట్టె పట్టుకొని నిలబడింది. లోపల మూలన, గోనె సంచి మీది ఊకలో, ఆమె కోడి గుడ్లు పొదుగుతోంది.

"పొదిగే కోడిని లేపుతార్రా? ఉసురు తాకుతది!"

"అవ్వా, జర ఇనవే..." అన్నాడు సేటు. మమ్మల్ని గడగడలాడించే గొంతు పిల్లికూనలా వచ్చింది.

నేను లెక్క కట్టి చెప్పాను. "అవ్వా, పిల్లలయ్యేదాక ఆగితే ఒక్కో పిల్ల బర్రె ధర పడ్తది."

"అయితే బర్రెలే పుడుతున్నయనుకో పిల్లా. నీ సొమ్మేం పోతది?"

"నాదే పోతదవ్వా! నా జీతంల కోస్తడట!"

అవ్వ కొడుకు వైపు ఒక చూపు చూసింది. సేటు క్రేన్ వైపు చూశాడు. ఆ సందులో నేను అందుకున్నాను. "కోడిని లేపం. కింది గోనెతోటే మెల్లగ గుంజుకొస్తే?"

"గుంజుర్రి. గని నా కొడుకే గుంజాలె," అంది అవ్వ. "జీతం కోసే చేతులు గదా, ఒడుపుగుంటయి."

తెల్ల బట్టల్లో సేటు మోకాళ్ల మీద పాకుతూ గోనె లాగాడు. కోడి లేవలేదు, కూర్చునే అతని చేతిని పొడిచింది. హమాలీలు మూతికి తువ్వాలలు అడ్డం పెట్టుకొని నవ్వారు. కంటైనర్ గడువులోపే చేరింది, జీతం నిలిచింది. కానీ కోడికి సందడి లేని చోటు నా బల్ల కిందేనని అవ్వ తేల్చింది. పిల్లలయ్యేదాకా కాళ్లు కుర్చీ మీదికి ముడుచుకొనే పద్దులు రాశాను.

ఇప్పటికీ గడువంటే నాకు అదురే. నిన్న పక్కింటి కోడలు కూర ఇస్తే, అది చల్లారకముందే గిన్నె కడిగి తిరిగి ఇచ్చాను. "ఉండనియ్యకపోయినవా పెద్దమ్మా, కిరాయి అడుగుతనా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. అడిగేవాళ్లను చూడలేదు పాపం ఆ పిల్ల.