హమద్ టౌన్ గుట్ట

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన తర్వాతి శీతాకాలంలో, బహ్రెయిన్‌లో రోడ్ల పక్కన చారిత్రక స్థలాల బోర్డులు నిలబెట్టే పని మా కంపెనీకి వచ్చింది. నేను సైట్ సూపర్‌వైజర్‌ని. మాది కాకినాడ. తుబ్లీ వర్క్‌షాపులో రేకు మీద అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ అక్షరాలు వేసేవాళ్లం. స్థలం దగ్గర గుంతలు తవ్వి, స్తంభాలు దించి, కాంక్రీటు పోసేవాళ్లం. అది గట్టిపడ్డాక బోర్డు బిగించి ప్లాస్టిక్ తొడుగు వేసేవాళ్లం. తవ్విన మట్టి ఎత్తేశాక అధికారులు వచ్చి, తొడుగు విప్పించి, పని ఒప్పుకునేవారు.

హమద్ టౌన్ బోర్డు వేల ఏళ్ల నాటి సమాధి దిబ్బల గురించి. తెలియనివాళ్లకు అవి ఉత్త గులకమట్టిలా కనిపిస్తాయి. వాటి మీద చెయ్యి పడితే ఉద్యోగం పోవడమే కాదు, కేసు కూడా.

మట్టి ఎత్తడానికి జేసీబీ కోసం ఆ పొద్దున మీనా సల్మాన్ రేవులోని యంత్రాల యార్డుకు వెళ్లాను. ఆపరేటర్ ఇస్మాయిల్ భాయ్‌ది జగిత్యాల వైపు. తెలుగు వినబడగానే ఇద్దరం సంబరపడి టీ తాగాం. "మా ఇల్లు గుట్ట కిందనే సార్. పొద్దుగాల లేస్తే గుట్టనే కనవడ్తది" అన్నాడు. నేను తలూపి, ఫోన్‌లో లొకేషన్ పంపాను. "బోర్డు పక్కన గుట్ట ఉంటుంది భాయ్, అది తీసేయండి. మధ్యాహ్నానికి ఖలాస్ కావాలి" అని చెప్పి తుబ్లీ వచ్చేశాను.

కాసేపటికి ఆయన వాయిస్ మెసేజ్ వచ్చింది. "సార్, గుట్ట మస్తు పెద్దగున్నది. రెండు టిప్పర్లు పంపుండ్రి. నేనైతే మొదలువెడ్తున్న."

రెండు టిప్పర్లా? మేం తవ్విన మట్టికి చిన్న పికప్ కూడా నిండదు. ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే విషయం వెలిగింది. మా వైపు బట్టలు పోగుపడ్డా గుట్టే, మట్టి పోసినా గుట్టే. ఆయనకు గుట్టంటే కొండ. నేను తీయమన్నదాన్ని ఆయన కుప్ప అంటాడు. బోర్డు పక్కన కొండలా కనిపించేది సమాధి దిబ్బ ఒక్కటే.

ఫోన్ చేశాను. మోగుతోంది గానీ ఎత్తడం లేదు. బండి తీశాను. ప్రతి సిగ్నలూ నా మీద పగబట్టినట్టే ఉంది. దారిలో మేం పెట్టిన బోర్డులే ఎదురయ్యాయి. ఎండిపోయిన నీటి ఊట గురించి ఒకటి, ఇళ్ల కింద కలిసిపోయిన ఖర్జూర తోట గురించి ఒకటి. హమద్ టౌన్ దిబ్బ కూడా 'ఒకప్పుడు ఇక్కడ ఉండేది' అనే బోర్డుల జాబితాలోకి పోతోందేమో, అదీ నా నోటి మాట వల్ల, అనుకుంటూ మళ్లీ ఫోన్ కలిపాను.

వెళ్లేసరికి జేసీబీ ఆగి ఉంది. దాని బకెట్ దిబ్బ అంచున, మట్టికి తగలకుండా ఉంది. ఇస్మాయిల్ భాయ్ బోర్డు కింద నిలబడి ఉన్నాడు. తొడుగు సగం చిరిగి వేలాడుతోంది. నన్ను చూడగానే మండిపడ్డాడు.

"ఏంది సార్ ఇది? నన్ను జైల్ల వెట్టిస్తవా? ప్లాస్టిక్ గాలికి పటపట కొట్టుకుంటుంటె కడ్దామని దిగిన. సూస్తె కబర్లని రాసున్నది!"

ఉర్దూ చదువుకున్న మనిషి కాబట్టి అరబ్బీ అక్షరాలు కూడబలుక్కుని, సమాధులన్న మాట పట్టుకున్నాడు. ఫోన్ క్యాబిన్‌లోనే మోగి మోగి ఆగింది.

"కుప్ప భాయ్! ఆ కుప్ప తీయమన్నాను" అని చూపించాను.

ఆయన దానికేసి, నాకేసి మార్చి మార్చి చూశాడు. "గదా? గది పారతోని అయితది గద సార్!"

ఆ రోజు గాలి వీచకపోతే ఏమయ్యేదన్న ఆలోచన రిటైరయ్యాక కూడా నన్ను స్థిమితంగా కూర్చోనివ్వదు.

తర్వాత మా పని వరస మార్పించాను. ముందు తొడుగు విప్పడం, ఆ తర్వాతే యంత్రాన్ని పిలవడం. బోర్డు దారినపోయేవాళ్ల కోసమని అప్పటిదాకా అనుకున్నాను. దాన్ని అందరికంటే ముందు చదవాల్సింది దాని పక్కన తవ్వేవాడు.