పులి కాదని చెప్పాల్సిన రోజు

2023 వానాకాలం చివరి రోజులు. మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో ఒక పెద్ద ఆసుపత్రి క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఉన్నట్టుండి ప్రాణం మీదికి వచ్చినవాళ్లను ముందుగా తీసుకొచ్చే విభాగం అది. బొగ్గు లారీల కింద పడ్డవాళ్లు, పాముకాట్లు, పురుగుమందు తాగినవాళ్లు వస్తుంటారు. ఊరి చుట్టూ అడవే కాబట్టి జంతువులు చేసిన గాయాలు కూడా మాకు కొత్త కాదు.

ఆ మధ్యాహ్నం భోజనాల వేళ ఒక పికప్ బండి హారన్ కొట్టుకుంటూ గేటు లోపలికి వచ్చింది. వెనక పడుకోబెట్టిన మనిషి కుడి తొడకు చుట్టిన చొక్కా నెత్తుటితో నానిపోయి ఉంది. మొహం చూడగానే గుర్తుపట్టాను. శ్రీను.

అతన్ని గుర్తుపట్టనివాళ్లు మా ఊళ్లో తక్కువ. లాల్‌పేట్ బొగ్గుగని కాలరీ క్వార్టర్లలో పుట్టి పెరిగిన తెలుగువాడు. గనిలో పనిచేసిన తండ్రి పోయాక తల్లితో ఉంటూ, అడవి జంతువుల మీద మరాఠీలో వీడియోలు చేసేవాడు. ఇళ్లలో దూరిన పాములను పట్టి అడవిలో వదిలేవాడు. ఎలుగుబంటి ఎదురైతే ఏం చేయాలో, పులి అడుగు ఎలా ఉంటుందో నవ్వుతూ చెప్పేవాడు. స్కూలు పిల్లల నుంచి ఆటోవాళ్ల దాకా అందరికీ అతను ‘శ్రీనుదాదా’, అంటే శ్రీనన్న.

అతనితో వచ్చింది ప్రశాంత్. వీడియోలు తీసే స్నేహితుడు. బండి దిగుతూనే గేటు దగ్గర మూగినవాళ్లు ఏమైందని అడిగితే ఒకే మాట అన్నాడు: “వాఘ్.” పులి.

స్ట్రెచర్ లోపలికి రాగానే నేను తొడకు చుట్టిన చొక్కా విప్పి, గజ్జల దగ్గర రెండు చేతులతో నొక్కి పట్టాను. తొడలోకి నెత్తురు మోసుకెళ్లే పెద్ద రక్తనాళం తెగితే మనిషికి ఎక్కువ సమయం ఉండదు. లోపలి నెత్తురు తగ్గిపోయి ఒళ్లు చల్లబడటం, నాడి పరుగెత్తటం మొదలవుతుంది. దాన్నే మేం షాక్ అంటాం. శ్రీను అప్పటికే షాక్‌లో ఉన్నాడు. డ్యూటీ డాక్టర్ సెలైన్లు ఎక్కిస్తూ సర్జన్ మేడమ్‌కు కబురు పంపాడు.

గాయం చూస్తే నాకు అనుమానం వచ్చింది. పులి పట్టు సాధారణంగా మెడ మీద ఉంటుంది. కోరలు దిగిన గుంటలు, పంజా గీతలు కనబడతాయి. ఇక్కడ అవేవీ లేవు. కత్తితో కింది నుంచి పైకి చీల్చినట్టు ఒక్కటే లోతైన కోత.

కంగారులో నా నోట తెలుగే వచ్చినట్టుంది. “కదలకు తమ్మీ, కదలకు” అన్నాను. అతను కళ్లు తెరిచాడు.

“తెలుగోళ్లా అక్కా?”

“అవును. మాట్లాడకు.”

“పంది అక్కా... అడివిపంది. ఉచ్చుల పడ్డది. తీగ కోసి ఇడిసిన. నన్ను జూసి బెదిరింది గంతే. పులి అనకుండ్రి... దుర్గాపూర్ కాడ అది పిల్లలతోని ఉంది.” ఊపిరి తీసుకుని, “మా అమ్మకు చెప్పుండ్రి” అన్నాడు.

తర్వాత మాట రాలేదు. నొక్కిపట్టిన చేయి తీయకుండానే స్ట్రెచర్‌తోపాటు థియేటర్ దాకా పరుగెత్తాను.

నేను బయటికి వచ్చేసరికి ఆసుపత్రి ముందర రోడ్డు కనబడటం లేదు. అంతా జనం. దుర్గాపూర్ పవర్ స్టేషన్ వెనక తుప్పల్లో ఒక ఆడపులి పిల్లలతో తిరుగుతోందని అందరికీ తెలుసు. అటు వెళ్లొద్దని, దాన్ని రెచ్చగొట్టొద్దని శ్రీనే ఎన్నోసార్లు చెప్పాడు. అంత ప్రేమగా చెప్పినవాడినే ఆ పులి చీల్చిందని ఇప్పుడు జనం కోపం. “వాఘాలా మారా!” పులిని చంపండి అని ఒకటే కేకలు. అందరి చేతుల్లో ఫోన్లు. కర్రలు, పెట్రోలు డబ్బాలు పట్టుకుని కొందరు మోటార్ సైకిళ్ల మీద దుర్గాపూర్ వైపు బయలుదేరారని, తుప్పలు తగలబెడతారని వార్డుబాయ్ చెప్పాడు.

నేను బయటికి వెళ్లి నిజం అరిచి చెప్పడానికి లేదు. రోగి గురించిన మాట ముందు అయినవాళ్లకు చెప్పాలి. ఎమ్ఎల్‌సీ, అంటే పోలీసులకు తెలపాల్సిన కేసు అయితే పోలీసులకు చెప్పాలి. గేటు దగ్గర గుంపుకు చెప్పే అధికారం నర్సుకు లేదు. ఆసుపత్రి చౌకీలో ఉన్న పోలీసు జమాదారుకు శ్రీను అన్న మాటలు చెప్పాను. ఆయన వెంటనే వైర్‌లెస్‌లో పై వాళ్లకు తెలిపి, నా వైపు తిరిగి తల అడ్డంగా ఊపాడు.

“నేను చెబితే పులిని కాపాడుతున్నారంటారు సిస్టర్. మీరు చెప్పినా అంతే. ఆ దోస్తుతోనే చెప్పించాలి.”

ప్రశాంత్ ఎక్స్‌రే గది పక్కన గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. లాల్‌పేట్‌లో మా వాళ్ల మధ్య పెరిగిన మరాఠీ పిల్లవాడు, తెలుగు బాగానే వచ్చు.

“పులి ఎందుకన్నావు?” అని అడిగాను.

 ఏడుస్తూ అన్నాడు. “పంది అంటే నవ్వుతరు సిస్టర్. ఇన్నేండ్లు పులుల నడుమ తిరిగిండు మావోడు. పంది పొడిసిందంటే ఏం మర్యాద ఉంటది? నోట్లకెంచి గట్ల వచ్చేసింది. గింత అయితదని నాకేం తెలుసు?”

“ఇప్పుడు పోయి చెప్పు.”

“నన్ను సంపుతరు.”

అతని భయం అబద్ధం కాదు. కిటికీ అద్దం మీద అప్పుడే ఒక రాయి వచ్చి పడింది.

శ్రీను తల్లి రాజవ్వ ఆ గుంపును దాటుకుని ఎలా వచ్చిందో తెలియదు. ఆమె వచ్చిన కాసేపటికే సర్జన్ మేడమ్ థియేటర్ నుంచి బయటికి వచ్చింది. ఆమె మరాఠీలో చెప్పింది. రాజవ్వకు అర్థమైనా అర్థం కానట్టు నా మొహం చూసింది. నేను తెలుగులో మళ్లీ చెప్పాను. “పోయిండమ్మా.”

ఆమె అరవలేదు. బెంచీ అంచు పట్టుకుని కూర్చుంది. చీర కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత కొంగు తీసి అడిగింది.

“ఏమన్నడు బిడ్డా? ఏమన్న అన్నడా?”

విన్నది విన్నట్టు చెప్పాను. పంది, ఉచ్చు, తీగ, పులి పిల్లలు, చివరికి మా అమ్మకు చెప్పుండ్రి అన్న మాట. వింటున్నంతసేపు ఆమె ప్రశాంత్ వైపే చూస్తోంది. అతను వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

“తప్పయింది అమ్మా. వీడియో ఉంది నా ఫోన్ల. గది జూపెడితే అందరూ నమ్ముతరు.”

“వద్దు” అంది రాజవ్వ. “నా కొడుకు పాణం పోయేది లోకం జూడొద్దు. నోటితోని అబద్ధం జెప్పినవు, నోటితోనే నిజం జెప్పు. పా, నేనొస్త.”

జమాదారు వద్దన్నాడు. ఆమె అప్పటికే లేచింది. నేను ఆమె చేయి పట్టుకున్నాను. ముగ్గురం ఆసుపత్రి ముందు మెట్ల దాకా వెళ్లాం. రాజవ్వను చూడగానే ముందు వరుసలో ఉన్న కాలరీ వాళ్లు వెనక ఉన్నవాళ్లను సద్దు చేయొద్దన్నారు.

ప్రశాంత్ మరాఠీలో చెప్పాడు.  పులి కాదని, తాను అబద్ధం ఆడానని, ఎవరో పొలం గట్టు మీద పెట్టిన ఉచ్చులో పడ్డ పందిని విడిపించబోయి శ్రీను చనిపోయాడని చెప్పాడు. ఒక చెప్పు వచ్చి అతని ఛాతీకి తగిలింది. “అమ్ముడుపోయావురా” అని ఎవరో తిట్టారు. అంతలో వెనక నుంచి ఒక గొంతు, “డుక్కర్?” అంది. పందా అని. దాని వెంటే ఒక నవ్వు.

ప్రశాంత్ తల వంచుకున్నాడు. రాజవ్వ చేయి నా చేతిలో గట్టిపడింది.

“ఎవడు నవ్విండు?” అంది తెలుగులోనే. అక్కడున్న సగం మంది తెలుగు తెలిసిన కాలరీ క్వార్టర్ల వాళ్లు, మిగిలినవాళ్లకు గొంతే చాలు. “పంది గాదా జీవి? మెడకు తీగ బిగుసుకొని సావబోతుంటే నా కొడుకు కోసి ఇడిసిండు. అది బెదిరి పొడిసింది. దానికేం తెలుసు? మీకు తెలివి ఉంది గదా. వాని పేరు జెప్పి పిల్లల తల్లిని కాలుస్తరా? బండ్ల మీద పోయినోళ్లకు ఫోన్లు చేయుండ్రి. ఎన్కకు పిలువుండ్రి.”

 ముందున్న ఒక ఆటో డ్రైవర్ ఫోన్ తీసి ఎవరికో చేశాడు. అతన్ని చూసి ఇంకొకరు. అందరూ వినలేదు. కొందరు అది ఫారెస్టువాళ్లు ఆడిస్తున్న నాటకమని అరుస్తూనే ఉన్నారు. కానీ గుంపు పలచబడింది.

ఫోన్లు వెళ్లేసరికే తుప్పలకు ఒక పక్క నిప్పు పెట్టారు. ఫైరింజన్ వచ్చి ఆర్పింది. అడ్డుపడిన ఒక ఫారెస్టు గార్డును తలకు రాయి తగిలిందని సాయంత్రం మా దగ్గరికే తీసుకొచ్చారు. కుట్లు వేస్తుంటే అడిగాను, పులి ఏమైందని. “పిల్లల్ని తీసుకుని అవతలికి దాటింది సిస్టర్” అన్నాడు. ఆ మాట వినేదాకా నేను రోజంతా కూర్చోలేదని గుర్తు రాలేదు.

తర్వాత చాలా రోజులు ఊళ్లో అదే మాట. స్కూలు పిల్లలు రంగుల బొమ్మలు గీసి లాల్‌పేట్‌లో వాళ్లింటి గోడకు అంటించారు. ఫోన్లలో మాత్రం పంది మీద జోకులు, జంతువుల జోలికి పోతే ఇంతేనన్న సలహాలు కూడా అన్నే వచ్చాయి. ప్రశాంత్ వీడియోను పోలీసులకు ఇచ్చి, రాజవ్వ ముందే ఫోన్‌లోంచి తీసేశాడు. ఆమె ఇప్పటికీ బీపీ మాత్రలకు ఓపీకి వస్తుంది. లైన్లో ఎవరైనా “పులి చంపిన శ్రీను వాళ్ల అమ్మ” అని గుసగుసలాడితే వెనక్కి తిరిగి సరిదిద్దుతుంది. గొంతు పెంచదు, అలా అని ఊరుకోదు.

ప్రేమించినవాడికి తగినంత గొప్ప చావు కావాలని జనం కోరుకుంటారని ఆ రోజు చూశాను. చావుకు ఆ పట్టింపు ఉండదు. ఇప్పుడు మా క్యాజువాలిటీలో ప్రాణం మీదికి వచ్చిన మనిషి నోరు తెరిస్తే, చేతిలో ఏ పని ఉన్నా నేను డాక్టర్‌ను పిలుస్తాను. ఆ మాట నాతోపాటు ఇంకొకరు వినాలి. దాన్ని ఇంటివాళ్లకు అందించేటప్పుడు ఒక్క ముక్క కూడా మెత్తగా చేయను. వాళ్లు దాన్ని మోయగలరా లేదా అన్నది నేను తేల్చాల్సిన సంగతి కాదు.