రెండు గళ్ల మధ్య నీళ్లక్క

పంపుహౌసులోకి అడుగు పెట్టగానే నీళ్లక్క ముందు మోటారు మీద అరచెయ్యి ఆనిస్తుంది, పసిపిల్లకు జ్వరం చూసినట్టు. ఆ తర్వాతే స్విచ్చు వేస్తుంది. ఊరు సగం ఆ స్విచ్చు మీదే స్నానం చేస్తుంది కాబట్టి ఆమె అసలు పేరు జనం ఎప్పుడో మరిచిపోయారు.

"అది మోటారక్కా, నీ మనవరాలు కాదు" అంటాడు పక్కన పనిచేసే ఫిట్టరు.

"మనవరాలైతే చెప్పిన మాట వినదురా. ఇది వింటుంది."

ఆమె పుట్టింది ఈ దేశంలో కాదు. సరిహద్దు అవతల పుట్టి, ఊహ తెలిసే వయసులో అమ్మ చెయ్యి పట్టుకుని ఇటు వచ్చింది. పెద్దయ్యాక ఇక్కడి పౌరసత్వం తీసుకుంది, అవతలిది వదులుకుంది. అమ్మ మాత్రం పోయేదాకా ఒకటే పాట పాడింది: "ఎవరడిగినా మనం అవతలివాళ్లమనే చెప్పు. దాచావంటే దొంగదారిన వచ్చినట్టు." అటు నుంచి వచ్చినవాళ్ల ఇళ్లన్నిటా ఇదే అలవాటు. ముందు పుట్టిల్లు చెప్పాలి, తర్వాతే ఇక్కడి మాట.

ఇంతలో నీటి శాఖవాళ్లు కొత్త పద్ధతి పెట్టారు. పంపు నడిపేవాళ్లు ఫోనులో వివరాలు నింపి, ముఖం చూపించి, ధ్రువీకరణ తెచ్చుకోవాలి. అది లేకపోతే మోటారు గది తాళం తెరుచుకోదు. కూతురు పక్కన కూర్చుని నింపింది. జాతీయత అని ఒక గడి, దాని కింద పౌరసత్వం అని ఇంకో గడి.

"అమ్మా, రెండింటికీ ఈ దేశమే కొట్టెయ్యనా?"

"ఆగవే. రెండూ ఒకటే అయితే రెండుసార్లు ఎందుకడుగుతారు? పైదాంట్లో అమ్మమ్మ దేశం కొట్టు."

కూతురు అలాగే కొట్టింది.

మొదట్లో ఏమీ కాలేదు. తర్వాత ఒక పొద్దున తాళం కాసేపు ఆలోచించి తెరుచుకుంది. ఆ తర్వాత ఫోనులో పసుపు పట్టీ ఒకటి ప్రత్యక్షమైంది: అదనపు పరిశీలన. అవతలి దేశపు పాస్‌పోర్టు పంపాలట. లేనిది ఎక్కణ్ణుంచి తెస్తుంది? సెలవు పెట్టి వాళ్ల రాయబార కార్యాలయానికి వెళ్లింది. అద్దం వెనక మనిషి వెతికి, మీరు మా పౌరులు కారండీ అన్నాడు, మర్యాదగానే. ఆ ముక్కే రాసి ఇవ్వమంది. మా పౌరులు కానివాళ్లకు మేం ఏమీ రాసి ఇవ్వమన్నాడు.

"అయితే నువ్వు అటూ కావు, ఇటూ కావు. వాల్వులో ఇరుక్కున్న రాయివి" అన్నాడు ఫిట్టరు. ఇద్దరూ నవ్వారు.

ఆ సాయంత్రమే సూపర్‌వైజరు వచ్చి ఆమె కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేయించాడు.

"ఎవరికి సార్?"

"ఎవరికీ కాదమ్మా. ఊరికే."

చాలా రోజులు దాన్లో ఎవరూ కూర్చోలేదు. రోజూ తన కుర్చీ తుడుచుకుంటూ, దాన్ని కూడా తుడవాలో వద్దో తెలియక ఆమె ఆగిపోయేది.

చివరికి సేవాకేంద్రానికి వెళ్లింది. కౌంటరు అమ్మాయి వివరాలన్నీ చూసి నిట్టూర్చింది.

"మీరు చెప్పినదాంట్లో తప్పేం లేదాంటీ. ఏ దేశపు జనంలో పుట్టారన్నది ఒకటి. ఏ ప్రభుత్వం మిమ్మల్ని తన మనిషిగా లెక్కేసుకుంటుందన్నది ఇంకొకటి. నాకు అర్థమవుతుంది, ఈ కంప్యూటరుకు అర్థం కాదు. గళ్లలో రెండు పేర్లు కనిపిస్తే రెండు పాస్‌పోర్టులున్న మనిషి అనుకుంటుంది."

"అయితే పైది మార్చెయ్యమ్మా."

"మార్చొచ్చు. కారణం ఎంచుకోవాలి." తెర ఇటు తిప్పింది. పేరు మారింది. పెళ్లయింది. గతంలో తప్పుడు సమాచారం ఇచ్చాను.

"నేను తప్పుడుది ఇవ్వలేదుగా."

"తెలుసాంటీ." అమ్మాయి ఆమె వెనక పెరుగుతున్న వరసకేసి చూసింది. "నాలుగోది లేదు."

ఇంటికొచ్చి భర్తకు చెప్పింది. ఆయన చెప్పులు కుట్టే మనిషి. తల ఎత్తకుండానే విన్నాడు.

"మూడోది నొక్కెయ్. ఎవరు చూడొచ్చారు?"

"మా అమ్మ వింటే..."

"మీ అమ్మ వచ్చి తాళం తీయదు కదే."

అయినా నొక్కలేదు. మర్నాడు పొద్దున తాళం తెరుచుకోలేదు. మళ్లీ ముఖం చూపించింది. తలుపు అవతల మోటారు మొదలైన చప్పుడు వినిపించింది. లోపల ఎవరో ఉన్నారు. బయట నిలబడ్డ ఫిట్టరు జోకు వేయలేదు, చేతిలో పానా అటూ ఇటూ తిప్పుతూ నేల చూశాడు. ఆమె గోడకు ఆనుకుని ఫోను తీసి, పై గడిలో ఈ దేశం కొట్టి, మూడో కారణం నొక్కింది. పసుపు పట్టీ మాయమైంది. తాళం వెంటనే తెరుచుకుంది. అంత తొందరగా అది ఎప్పుడూ తెరుచుకోలేదు.

నెల తిరక్కముందే వేరే శాఖ నుంచి సందేశం వచ్చింది. కూతురు చదివి వినిపించింది. గతంలో తప్పుడు సమాచారం ఇచ్చినట్టు మీరే స్వయంగా ఒప్పుకున్నందున, మీకు ఇచ్చిన పౌరసత్వాన్ని పునఃపరిశీలనకు తీసుకున్నాము. ఇది మీ సంతానానికి కూడా వర్తిస్తుంది.

"ఆఖరిది మళ్లీ చదువు" అంది నీళ్లక్క.

కూతురు ఫోను బోర్లా పెట్టింది.

నీళ్లక్క ఇవాళ్టికీ పొద్దుటి షిఫ్టులో పంపు నడుపుతోంది. విచారణ తేదీ ఇంకా రాలేదు. కూతురు పెట్టుకున్న ఉద్యోగ దరఖాస్తు అదనపు పరిశీలనలో ఉంది.