ముఖం కడుక్కోవడానికి భయపడిన రోజులు

డిగ్రీ రెండో ఏడాదిలో నాకు నా ముఖాన్ని ముట్టుకోవాలంటేనే భయం పట్టుకుంది.

అనంతపురంలో హాస్టల్లో ఉండి చదువుకునేదాన్ని. బుగ్గల నిండా మొటిమలు. నాతోపాటు గదిలో ఉండే అమ్మాయి ఫ్యాన్సీ షాపులో దొరికే ఒక ట్యూబు చూపించి, "అందరూ ఇదే రాస్తున్నారు. వారం రాయి, చూడు" అంది. నిజంగానే వారంలో తగ్గాయి. ముఖం తేటపడింది. మూడు నెలలు రాశాను. వేసవి సెలవులకు నల్లమాడ దగ్గరున్న మా ఊరికి వచ్చేసరికి ట్యూబు అయిపోయింది. నాలుగో రోజుకు ముఖం ఎర్రగా పొంగింది. చీము తలలతో మొటిమలు ఇదివరకటికి రెండింతలై లేచాయి. ఎండ తగిలితే కారం పూసినట్టు మండేది.

కడగకపోతే చెమట, దుమ్ము. కడిగితే మంట. మా బోరు నీళ్ళకు సబ్బు నురగ రాదు, తెల్లటి పొరలా చర్మానికి అంటుకుంటుంది. అది పోవాలని రుద్దేదాన్ని. ఒకరోజు అలా రుద్దుతుంటే తువ్వాలకు రక్తం అంటింది. ఆ తర్వాత రెండు రోజులు నీళ్ళ జోలికే పోలేదు.

అమ్మ నా గడ్డం పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూసింది.

"అమ్మవారు పోసినట్టుండాదే" అంది. వేపమండలు తెచ్చి నా తల దగ్గర పెట్టింది. చిన్నప్పుడు అమ్మవారు పోసి అమ్మ చెల్లెలు చనిపోయింది. ఆ సంగతి నాకు తెలుసు. అయినా ట్యూబు సంగతి చెప్పలేదు. చేజేతులా చేసుకున్నానని ఎలా చెప్పను? ఈ ముఖం ఇక ఇంతేనేమోనని కళ్ళు మూసుకుని పడుకునేదాన్ని.

నాయన గడపలో నిలబడి చూశాడు. "ఆకులతో అయ్యేది కాదు. రేపు అనంతపురం పోండి" అన్నాడు.

బస్సులో చున్నీ ముఖానికి చుట్టుకుని కూర్చున్నాను. గుడ్డ రాసుకున్నచోటల్లా మండుతోంది. ఆసుపత్రిలో చర్మం డాక్టరమ్మ నన్ను ముట్టుకోకుండానే అడిగింది.

"ఏ క్రీము రాసినావమ్మా?"

అమ్మ నా వైపు తిరిగింది. డాక్టరమ్మ ఇంకోసారి అడిగాక చెప్పాను.

"అది మొటిమలకు రాసేది కాదు. దాంట్లో ఉండే మందు చర్మాన్ని పలచబరుస్తుంది. ఆపేసరికి ఇట్లా తిరగబడుతుంది. తగ్గుతుంది కానీ నెలలు పడుతుంది" అంది. మందులు రాసి, ముఖం కడుక్కునేదాని గురించి విడిగా చెప్పింది. సబ్బు వద్దు. వాసన ఉండేది వద్దు. గరుకు పలుకులు ఉండేది అసలే వద్దు. పొద్దున, సాయంత్రం, రెండుసార్లే. కొత్తది ఏదైనా ముందు చెవి కింద కొంచెం రాసి కొన్నాళ్ళు చూసుకోవాలి. చీటీ వెనక అన్నీ రాసుకున్నాను.

బయటికి వచ్చాక అమ్మ తిట్టలేదు. "నాతో చెప్పకూడదా?" అని మాత్రం అంది.

మందుల షాపాయన మూడు రకాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకదాంట్లో ఇసుకలా పలుకులు. ఇంకొకటి వేపాకు బొమ్మతో పచ్చగా ఘుమఘుమలాడుతోంది. మూడోది ఏ బొమ్మా లేని తెల్ల సీసా.

"ఈ పచ్చది తీసుకోమ్మా, పిల్లోళ్ళంతా ఇదే తీసుకపోతాండారు" అన్నాడు.

హాస్టల్ అమ్మాయి కూడా ట్యూబు చూపించేటప్పుడు అదే మాట అంది. సీసాలు తిప్పి చిన్న అక్షరాలన్నీ చదివాను. సగం అర్థం కాలేదు. తెల్ల సీసా మీద మాత్రం సబ్బు లేదని, సువాసన కలపలేదని ఉంది. అమ్మ మూత తీసి వాసన చూసింది.

"ఏం వాసనే లేదు. పని చేస్తాదా ఇది?"

"తెలీదమ్మా" అన్నాను. తెలియకుండానే అది కొన్నాం.

ఇంటికి వచ్చాక సీసాను అలమరలో పెట్టి తీయనేలేదు. మర్నాడు సాయంత్రం అమ్మ దాన్ని తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. నేను చూసేసరికి తన ముఖానికి పూసుకుంటోంది.

"ఏం చేస్తాండావమ్మా?"

"ముందు నాకు కానీ. ఏమన్నా అయితే నాకే అయితాది."

అమ్మ చర్మం వేరు, నా చర్మం వేరు. దాంతో ఏమీ తేలదని తెలుసు. అయినా పొద్దున అమ్మ లేచేదాకా పక్కనే కూర్చుని ఆమె ముఖమే చూశాను. ఎర్రబడిందా, దద్దు లేచిందా అని. ఏమీ కాలేదు.

అప్పుడు నా చెవి కింద చుక్క రాసుకున్నాను. ఐదు రోజులు గంటకోసారి తడుముకున్నాను. దురద లేదు, మంట లేదు. ఆరో రోజు ముఖం తడుపుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, వేలికొసలతో పూసుకున్నాను. నురగ రాలేదు. చన్నీళ్ళతో కడిగేసి మంట కోసం ఎదురుచూశాను. కొంచెం చురుక్కుమంది, అంతే. అమ్మ మెత్తని పాత చీర ముక్క అందించి, "అద్దుకో, రుద్దొద్దు" అంది.

తగ్గడానికి దీపావళి దాటింది. డాక్టరమ్మ మందులే తగ్గించాయి. ఆ సీసా చేసిందల్లా ఉన్న పుండును రేపకుండా ఉండటమే. హాస్టల్ అమ్మాయికి అంతా చెప్పాను. "నాకేం కాలేదు కదా" అంది. తర్వాత నెలరోజులకు ఒక పొద్దున, డాక్టరమ్మ దగ్గరికి తోడు రమ్మంది.

నా ఎడమ బుగ్గ మీద రెండు గుంటలు మిగిలాయి. వాటిని వేలితో తాకుతాను, కానీ ఇప్పటికీ మెల్లగానే.