పశువుల పాక చుట్టూ బండి

క్రిస్మస్ వెళ్ళిపోయింది, గుణదల మేరీమాత తిరునాళ్ళు వెళ్ళిపోయాయి, ఎండలు ముదిరాయి. మా హాల్లో మాత్రం బాలయేసు ఇంకా పశువుల పాకలోనే పడుకొని ఉన్నాడు. పాక చుట్టూ అరచేతిలో ఇమిడే రైలింజను ఒకటి, రెండు పెట్టెలు లాక్కుంటూ తిరుగుతోంది. తీసేద్దామని చెయ్యి వేస్తే చాలు, మా ఆవిడ గోడవైపు తిరిగి అన్నం మానేస్తుంది. ఆమెకు మతిమరుపు జబ్బు. ఇంట్లో ఉండేది మేమిద్దరమే.

ఆ బండిని నేను రిటైరైన ఏడాది కొన్నాను. పశువుల పాకకు రైలేమిటని పక్కింటివాళ్ళు నవ్వితే, అప్పట్లో మా ఆవిడ ఊరుకునేది కాదు. "ముగ్గురు జ్ఞానులు ఒంటెల మీద రాగా లేనిది, మా ఆయన రైలు మీద వస్తే తప్పేంటండీ?" అనేది. అంత నోరున్న మనిషి. ఇప్పుడు రోజంతా కుర్చీలో కూర్చుని ఆ బండినే చూస్తుంది. అది ఆగిందా, ఎవరో పోయినట్టు మొహం పాలిపోతుంది. "ఏవండీ, బండి ఆగిపోయిందండీ!" అని కేక వేస్తుంది. నేను పొయ్యి మీదున్నది వదిలేసి పరిగెత్తాలి.

ఆమెకు ఆ భయం లేకుండా చెయ్యాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు. డాక్టరుగారు తగ్గేది కాదని ముందే చెప్పేశారు కాబట్టి, నా చేతిలో ఉన్న వైద్యం బండి ఆగకుండా చూడడం ఒక్కటే.

లోకోషెడ్డులో ఎలక్ట్రీషియన్‌గా బతికినవాణ్ణి. నెత్తిమీది తీగ నుంచి కరెంటు అందుకుని ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషనుకు బొగ్గు లాగే ఇంజన్లకు మరమ్మతు చేశాను. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను రచ్చ గెలిచి, ఇంట్లో ఈ బుల్లిదాని దగ్గర బోర్లా పడ్డాను. దీనికి నెత్తిన తీగ లేదు. కరెంటు పట్టాల్లో ఉంటుంది, చక్రాలు అందుకోవాలి. ఉన్నవే నాలుగు చక్రాలు. వాటి కింద కాస్త దుమ్మో తుప్పో తగిలితే కరెంటు తెగి, వెధవ బండి ఎక్కడిదక్కడే నిలబడిపోతుంది. పెద్ద బండైతే ఊపు మీద దాటేస్తుంది. దీనికి బరువేదీ, ఊపేదీ?

స్పిరిట్‌తో పట్టాలు తుడిచాను. దూది చుట్టిన పుల్లతో చక్రాలు గోకాను. పట్టాల అతుకుల దగ్గర కరెంటు సన్నగిల్లుతోందని ప్రతి ముక్కకూ విడిగా తీగ సోల్డరు చేశాను. వెనక పెట్టె చక్రాలకు పల్చటి రాగి రేకులు ఆనించి, అక్కడి నుంచి కూడా ఇంజనుకు కరెంటు ఇచ్చాను. రెండు రోజులు బాగా తిరిగేది, మళ్ళీ మొదటికొచ్చేది. పట్టాలు తుప్పు పడుతూనే ఉన్నాయి.

తుప్పుకు కారణం చూపించింది మా మరదలు, ఆవిడ చెల్లెలు. మా ఇళ్ళల్లో పండుగకు ముందు పళ్ళేల్లో మట్టి పోసి వడ్లు చల్లుతారు. క్రిస్మస్ నాటికి మొలిచిన పచ్చటి నారు పాక ముందు పొలంలా పెడతారు. మా అత్తవారిది దివిసీమ, పొలం పనుల ఇల్లు. అన్నీ మరిచిపోయిన మా ఆవిడ వడ్లు నానబెట్టడం మాత్రం మరవలేదు. నారు పండిపోయిన కొద్దీ మళ్ళీ చల్లేది. నీళ్ళు పోసేది, పోసిన సంగతి మరిచిపోయి మళ్ళీ పోసేది. పళ్ళేలు పొర్లి ఆ నీళ్ళన్నీ పట్టాల కిందికి చేరేవి.

"బావగారూ, అక్క చెంబుతో పోస్తంటే మీరు దూదితో తుడుస్తన్నారు. ఎన్నాళ్ళు తుడుస్తారు? ఆ పళ్ళేలు తీసెయ్యండి" అంది మరదలు. మర్నాడు బెంజ్ సర్కిల్ దగ్గర కొట్లో ప్లాస్టిక్ పచ్చిక కొనుక్కొచ్చి ఇచ్చింది.

నారు తీసేసి ఆ పచ్చిక పరిచాను. చెంబు అటక మీద పెట్టాను. పట్టాలు కొత్తవి వేశాను. ఇంజను వెనక పెట్టెలో ఒక కెపాసిటర్ కూడా దాచాను. క్షణంపాటు కరెంటు తెగినా అది తనలో ఉన్నది ఇచ్చి బండిని దాటిస్తుంది. ఒకే దిక్కున తిరిగే బండి, కరెంటు తిరగబడదు కాబట్టి అది కుదిరింది.

బండి మళ్ళీ ఆగలేదు. మా ఆవిడ మొహంలో భయం పోయింది. నేను నిమ్మళంగా అన్నం వార్చుకున్నాను, స్నానం చేశాను, పేపరు చదివాను. నా అంతటి పనిమంతుడు లేడనుకున్నాను.

చాలా రోజులకు మరదలు మళ్ళీ వచ్చి, "అక్క ఏమన్నా మాట్లాడతందా బావగారూ?" అని అడిగింది. ఆ కేక ఆగినప్పటి నుంచి ఆమె నోట మాట లేదని అప్పుడు తట్టింది. మా ఆవిడకు మిగిలిన మాట ఆ ఒక్కటే. నన్ను పిలవడానికి ఆమె దగ్గరున్న కారణం కూడా బండి ఆగడం ఒక్కటే. రెండింటినీ సోల్డరు చేసి మరీ మూసేశాను.

మరదలు వెళ్ళాక ప్లాస్టిక్ పచ్చిక పీకేసి, వడ్లు చల్లిన పళ్ళెం పెట్టి, అటక మీది చెంబు దించి నీళ్ళతో ఆమె చేతికిచ్చాను. ఒళ్ళో పెట్టుకుంది. చెంబు ఒరిగి చీర తడిసినా కదలలేదు. అప్పుడు బండి స్విచ్చి కట్టేశాను. కెపాసిటర్‌లో ఉన్న కాస్త కరెంటుతో ఇంజను కొంచెం దూరం వెళ్ళి, పాక వెనక ఆగింది. ఆమె అటే చూస్తోంది. నేను వంటింట్లోకి వెళ్ళి, గుమ్మం పక్కన నిలబడి, ఆ కేక కోసం చెవులు రిక్కించాను. కుక్కర్ కూత పెట్టింది. వీధిలో కూరలమ్మే ఆవిడ అరుచుకుంటూ పోయింది.

తిరిగొచ్చి ఆమె కుర్చీ పక్కన కూర్చున్నాను.

"ఏవండీ, బండి ఆగిపోయిందండీ" అన్నాను నేనే.

ఆమె నావైపు తిరగలేదు. లేచి, ఆమె తడిసిన చీర మార్చి, బండి స్విచ్చి వేశాను.